నిలబడేవాళ్లు, కూర్చునేవాళ్లు

ఆడవాళ్ల కొలువుల బాగోగులు చూసే కమిషన్లకు మన దగ్గర కొదవ లేదు. జాతీయ మహిళా కమిషన్ 1992లోనే వచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1998లో తన కమిషన్ కోసం చట్టమే చేసుకుంది. తెలంగాణ మాత్రం తొందరపడలేదు. రాష్ట్రం 2014 జూన్‌లో వస్తే, తన తొలి మహిళా కమిషన్ చైర్‌పర్సన్‌ను 2020 డిసెంబర్ ఆఖరున వెతికి పట్టుకుంది. పాపం, ఏమనగలం? 2019 సెప్టెంబర్ దాకా అక్కడ మంత్రివర్గంలోనే ఒక్క ఆడమనిషి లేదు.

కమిషన్‌కు అధికారాలు లేవనకండి. విచారణ సమయంలో సివిల్ కోర్టులా సమన్లు పంపొచ్చు, కాగితాలు తెప్పించుకోవచ్చు. తీరా అంతా విన్నాక చేయగలిగేది సిఫార్సు. దాన్ని సర్కారు పరిశీలిస్తుంది. సర్కారు పరిశీలన ఎంత నిదానమో ఫైలు వెనక తిరిగినవాళ్లను అడగండి.

మార్చి 8న మాత్రం నిదానం ఉండదు. జ్యోతి ప్రజ్వలన, శాలువాలు, జ్ఞాపికలు, ముగ్గుల పోటీ. సభ నిండాలి కాబట్టి ముందురోజు రాత్రే అంగన్‌వాడీ టీచర్లకు వాట్సాప్‌లో కబురు: 'అందరూ యూనిఫాం చీరల్లో పదింటికల్లా రావాలి.' వస్తారు. సాధికారత మీద ప్రసంగం వింటారు. చప్పట్లు కూడా వాళ్లవే.

ఇంతకీ వాళ్లు ఉద్యోగులా? అబ్బే, గౌరవ వేతనం మీద సేవ చేసే తల్లులు. 2023 డిసెంబర్ 12న ఆంధ్రప్రదేశ్‌లో సమ్మెకు దిగేనాటికి ఆ గౌరవం ఖరీదు టీచరుకు నెలకు 11,500, ఆయాకు 7,000 రూపాయలు. జీతం పెంచమంటే సేవకులన్నారు. పని ఆపితే మాత్రం 2024 జనవరి 6న ఎస్మా ప్రయోగించి, మీది అత్యవసర సర్వీసు, ఆపడానికి వీల్లేదన్నారు. డబ్బు దగ్గర సేవ, సమ్మె దగ్గర సర్వీసు! ఎండకీ చలికీ ఓర్చి 42 రోజులు కూర్చున్నారు. వాళ్లడిగిన వాటిలో గ్రాట్యుటీ ఒకటి. అది వాళ్లకు చెందాల్సిందేనని గుజరాత్ కేసులో సుప్రీంకోర్టు 2022 ఏప్రిల్‌లోనే తేల్చింది. తీర్పు వచ్చాక కూడా దానికోసం రోడ్డెక్కాల్సి రావడం మన ప్రత్యేకత.

ఇక ప్రైవేటు సంగతి. ఆషాఢం డిస్కౌంట్ల రోజుల్లో ఏదైనా పెద్ద బట్టల షాపుకి వెళ్లండి. కొనేవాళ్లకు మెత్తటి పరుపు, చల్లటి మజ్జిగ. చూపించే అమ్మాయి పొద్దున పదింటికి నిలబడింది. 'మేడమ్, ఇందులోనే నెమలికంఠం రంగుంది' అంటూ పాతిక చీరలు విప్పుతుంది. మనం పెదవి విరిచి లేస్తే పాతికా మళ్లీ మడతపెడుతుంది. దాహమేసినా నీళ్లు తాగదు. తాగితే బాత్రూమ్‌కు వెళ్లాలి, వెళ్తే ఫ్లోర్ మేనేజర్ గడియారం చూస్తాడు. గోడకి ఆనుకుందామంటే పైన సీసీ కెమెరా.

కోజికోడ్‌లో విజి అనే టైలరమ్మ 'పెణ్‌కూట్టు' పేరుతో ఇలాంటి ఆడవాళ్లనే కూడగట్టింది. ముందు మరుగుదొడ్డి కోసం, ఆ తర్వాత కూర్చునే హక్కు కోసం కొట్లాడింది. 2018లో కేరళ, 2021లో తమిళనాడు చట్టాలు సవరించుకున్నాయి. ఒక స్టూలు వేయించడానికి రెండు రాష్ట్రాల ప్రభుత్వాలు కదలాల్సి వచ్చిందంటే యజమానులది ఎంత పెద్ద మనసో!

ప్రసూతి సెలవు 2017 సవరణతో 26 వారాలైంది. 50 మంది, అంతకన్నా ఎక్కువమంది పనిచేసే చోట పసిపిల్లల సంరక్షణ కేంద్రం ఉండాలి, తల్లి రోజుకు నాలుగుసార్లు బిడ్డను చూసొచ్చే వీలుండాలి. చదువుకోవడానికి ఎంత హాయిగా ఉందో! ఈఎస్‌ఐ వర్తించని చోట సెలవు జీతం భారమంతా యజమాని నెత్తినే పెట్టారు. దాంతో ఇంటర్వ్యూలో తెలివితేటల కన్నా ముందు వచ్చే ప్రశ్న 'పెళ్లి కుదిరిందామ్మా?' కుదిరిందంటే ఉద్యోగం కుదరదు.

మహిళా కమిషన్ చైర్‌పర్సన్ గారూ, ఈసారి వరలక్ష్మీ వ్రతం ముందురోజు సాయంత్రం ఏడింటికి, శాలువా కప్పేవాళ్లకు చెప్పకుండా, ఏదైనా బట్టల షాపుకి రండి. హాజరు పట్టీ చూపించమనండి. ఆడవాళ్ల బాత్రూమ్ ఎక్కడో అడగండి. చీరలు మడతపెడుతున్న అమ్మాయిని, పొద్దుట్నించీ ఎప్పుడైనా కూర్చున్నావా తల్లీ అని అడగండి. ఈలోగా యజమాని పరుగున వచ్చి మీకు కుర్చీ వేయిస్తాడు. అది ఆ అమ్మాయికి వేయమనండి.