ఒక సబ్జెక్ట్ లైనుకు టీకా తాత్పర్యం

మూలం: 2028 – కుడిచేతి పిచ్చర్ – 6 అడుగుల 1 అంగుళం – 175 పౌన్లు – 84 మైళ్ళు – 3.8 జీపీఏ – వీడియో జత.

అవతారిక: ముప్ఫై నాలుగేళ్ళు హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరైన నేను టెక్సస్‌లోని ఫ్రిస్కోలో మా అమ్మాయి ఇంట కాలక్షేపం చేస్తుండగా, అక్కడ పదో తరగతి చదివే మనవడు కాలేజీ బేస్‌బాల్ కోచ్‌లకు పంపబోయే ఈమెయిల్ తలకట్టు ఇదని చూపించాడు. క్రియ లేదు, కర్త దాక్కున్నాడు. కర్మ మాత్రం మా అల్లుడుగారిదని తర్వాత తెలిసింది. ఇంత బిగువైన సూత్రాన్ని టీక లేకుండా వదిలేయడానికి నాకు చేతులు రాలేదు.

ప్రతిపదార్థం: 2028 = హైస్కూలు ముగించే ఏడు. ఈ లోకంలో కుర్రాడికి ఇంటిపేరు ఇదే. ఎవరబ్బాయివి అని ఎవరూ అడగరు, ఏ క్లాసు అంటారు.

6 అడుగుల 1 అంగుళం = అతిశయోక్త్యలంకారం. వంటింటి గుమ్మం పక్కన పెన్సిల్ గీత ఆరడుగుల దగ్గరే ఆగింది. నిలదీస్తే, "క్లీట్స్ వేసుకుంటే అంతే తాతయ్యా" అన్నాడు. 175 పౌన్లు = రాత్రి భోజనమయ్యాక.

84 మైళ్ళు = స్వభావోక్తి. బంతి వేగం గంటకు సుమారు 135 కిలోమీటర్లు. బంతి విసిరే పిచ్చర్ నిలబడే చోటి నుంచి హోమ్ ప్లేట్‌కి 60 అడుగుల 6 అంగుళాలు. ఆ వెనక రాడార్ గన్ పట్టుకుని ఒకాయన కూర్చుంటాడు. గన్‌కి మొహమాటం లేదు. మనవడు బంతి విసిరి, బంతి ఎటు పోయిందో చూడడు, అంకె చూస్తాడు. 82, 81, 84. ఆ మూడోదే మూలంలోకి ఎక్కింది. పెద్ద కాలేజీల కళ్ళు తొంభై దాటినవాళ్ళ మీద ఉంటాయి కాబట్టి ఈ అంకెకి ఇంకా పెరిగే వయసుందని అధ్యాహారం చేసుకోవాలి.

వీడియో జత = రెండు నిమిషాలు. పాట వద్దు, స్లో మోషన్ వద్దు. క్యాచర్ వెనక నుంచి కొంత, పక్క నుంచి కొంత. మొదటి ప్రతి నేనే తీశాను. అందులో ప్రతి బంతికీ నా "శభాష్" వినిపిస్తోందని కొట్టేశారు.

పాఠాంతరం: అల్లుడుగారి ప్రతి ఒకటుంది. "గౌరవనీయులైన కోచ్ గారికి, మా అబ్బాయి చిన్నప్పటి నుంచీ..." అని మొదలై, స్పెల్లింగ్ బీ మీదుగా వేమన పద్యాల పోటీలో రెండో బహుమతి దాకా నాలుగు పేరాలు నడుస్తుంది. ఇది ప్రక్షిప్తమని నా నిర్ణయం. ఉత్తరం కుర్రాడే రాయాలి, తండ్రి గొంతు రెండో వాక్యంలోనే పట్టుబడుతుంది. ఈ నిర్ణయం తర్వాత అల్లుడుగారు రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

లేఖకదోషం: తాళపత్రాలు ఎత్తిరాసినవాళ్ళ తప్పులు చూసి నవ్వుకున్న రోజులున్నాయి. మనవడు వాళ్ళను మించాడు. ముప్ఫై కాలేజీలకు ఒకే ఉత్తరం దించుతూ, ఒక కోచ్‌కి "మీ కాలేజీకి ఆడాలన్నది నా కల" అన్నచోట ఆయన ఆజన్మ ప్రత్యర్థి కాలేజీ పేరు ఉంచేశాడు. పంపాక చూసుకున్నాడు. క్షమాపణ రాసి మళ్ళీ పంపాడు. అందులో కోచ్ పేరు తప్పు.

ఆక్షేపణ: ముప్ఫై పంపితే ఒక్కరూ పలకలేదేమి? సమాధానం: మౌనం తిరస్కారం కానక్కర్లేదు, నియమం కావచ్చు. కుర్రాడు ఎప్పుడైనా రాయొచ్చు. కాలేజీ ఆటల్లో పై అంచె అయిన డివిజన్ వన్ కోచ్ మాత్రం పదకొండో తరగతికి ముందు వచ్చే ఆగస్టు 1 దాకా రిక్రూటింగ్ మాట రాయకూడదు, ఫోన్‌లో పలకకూడదు. 2023లో వచ్చిన కట్టు ఇది. ఆ తర్వాత కూడా కోచ్‌ల పంచాంగంలో డెడ్ పీరియడ్ అని ఉంటుంది. అచ్చం మన మూఢమే. ముఖాముఖి పనికిరాదు, సంబంధం గురించి ఫోన్‌లో మాట్లాడుకోవచ్చు. కింది అంచె డివిజన్ త్రీ వాళ్ళకి ఈ ఆగస్టు పట్టింపు లేదు.

ధ్వని: ఇంతలో ఒక పెద్ద కాలేజీ నుంచి "మా శిబిరానికి రా, నిన్ను చూడాలని ఉంది" అని రంగుల మెయిల్ వచ్చింది. ఇల్లంతా పండగ. మా అమ్మాయి పాయసం పెట్టింది. శిబిరాల ప్రకటనలకు ఆ ఆగస్టు అడ్డు లేదు, జాబితాలో ఉన్న అందరికీ వెళ్తాయి. వాచ్యార్థం "రా నాయనా", వ్యంగ్యార్థం "ఫీజుతో రా". వాడి ఆట గురించి, వాడికే తప్ప మరొకరికి పంపలేని ముక్క ఒక్కటి ఉంటేనే అది ఉత్తరం. ఈ సంగతి పాయసం తిన్నాకే చెప్పాను.

అన్వయం: మూలంలో పదాల వరస తప్పింది. 3.8, అంటే మార్కుల సగటు, ముందుకు రావాలి. డివిజన్ వన్‌లో ఆడాలంటే హైస్కూల్లో 16 కోర్ కోర్సులు, వాటిలో కనీసం 2.3 జీపీఏ ఉండాలి. పది కోర్సులు ఆఖరి ఏడు మొదలయ్యేలోపే పూర్తికావాలి. మార్కుల అసలు విలువ భోజనాల బంతిలో తెలుస్తుంది. చాలాకాలం డివిజన్ వన్ జట్టుకి 11.7 స్కాలర్‌షిప్‌లే, వాటిని 27 మంది దాకా పంచేవాళ్ళు. విస్తళ్ళు ఎక్కువ, అన్నం తక్కువ. 2025-26 నుంచి ఆటగాళ్ళ దావాలో కుదిరిన కోర్టు ఒప్పందంలో చేరిన కాలేజీలకు ఆ లెక్క పోయి జట్టుకి 34 మంది అన్న హద్దు వచ్చింది. పెట్టాలనుకుంటే అందరికీ పెట్టొచ్చు. పెడతారని ఎక్కడా లేదు. డివిజన్ త్రీలో ఆటకి రూపాయి ఇవ్వరు, చదువుకి ఇస్తారు. అందుకే అల్లుడుగారు అంకెలన్నిట్లోకీ 3.8నే ఎక్కువసేపు చూస్తారు. ఇవి కాక రెండేళ్ళ జూనియర్ కాలేజీ ఉంది, దాన్ని చిన్నచూపు చూసేవాళ్ళున్నారు. ఆల్బర్ట్ పూహోల్స్, బ్రైస్ హార్పర్ లాంటి మేజర్ లీగ్ తారలు ఆ గుమ్మంలోంచి వచ్చినవాళ్ళే.

ఫలశ్రుతి: ఇరవై మూడో రోజున ఒక చిన్న డివిజన్ త్రీ కాలేజీ కోచ్ నుంచి జవాబొచ్చింది. రెండు ముక్కలు. "వీడియో చూశాను. వేసవి షెడ్యూల్ పంపు." మనవడు ఫోన్ నా చేతికిచ్చాడు. నేను కళ్ళజోడు సవరించుకుని, "పంపు అన్నది విధ్యర్థకం, అయితే ఇక్కడ అది ఆజ్ఞా ప్రార్థనా అన్నది..." అని ఎత్తుకునేసరికి ఫోన్ లాక్కుని పంపేశాడు.