మీ పుణ్యమా అని

చిన్నప్పుడు బళ్లో విభక్తులు బట్టీపట్టాం. పంచమికి వలనన్, కంటెన్, పట్టి. ఫలానా దానివల్ల ఫలానాది జరిగిందని చెప్పడానికి ఆ 'వలన' చాలన్నారు మాస్టారు. ఇంటికొస్తే చాల్లేదు.

మాది కోనసీమ. మా మామ్మ లోకంలో జరిగే ప్రతిదానికీ కారణం 'పుణ్యమా అని' అనే మాటతోనే తేల్చేది. ఆవిడ లెక్కలో ఈ పుణ్యం మూటగట్టుకున్నవాళ్లు ఇద్దరు. ఒకరు ధవళేశ్వరం దగ్గర గోదావరికి ఆనకట్ట కట్టించిన కాటన్ దొర. రెండోవారు మా తాతయ్య.

ఆనకట్ట పూర్తయింది 1852లో. అయినా మామ్మ నిన్నగాక మొన్న జరిగినట్టు, "దొర పుణ్యమా అని నాలుగు మెతుకులు తింటున్నాం" అనేది. అదే గొంతుతో, అంతే నిదానంగా తాతయ్య వైపు తిరిగి, "మీ పుణ్యమా అని మనం వెళ్లేసరికి పెళ్లివారు విస్తళ్లు ఎత్తేశారు" అనేది. ఒకటి దణ్ణం, ఒకటి దెప్పు. మాటలో మాత్రం వెంట్రుకవాసి తేడా లేదు. చాన్నాళ్లు గమనించాక నాకో సూత్రం దొరికింది: మనిషి ఎదురుగా లేకపోతే పొగడ్త, ఉంటే తిట్టు. కాటన్ దొర 1899లోనే పోయాడు గనక బతికిపోయాడు.

1986 ఆగస్టులో గోదావరికి పెద్ద వరదొచ్చింది. ధాన్యం అటకెక్కిద్దామని మామ్మ రెండ్రోజులు పోరింది. "గట్టుకి నాదీ పూచీ" అన్నాడు తాతయ్య. తెల్లారేసరికి గాదె అడుగున నీళ్లు. వారం తిరక్కుండా వడ్లకి తెల్లటి మొలకలు. మామ్మ వాటిని దోసిట్లోకి తీసుకుని చూసింది. "ఆ దొర పుణ్యమా అని పొలంలోకి నీళ్లొచ్చాయి. ఈ మహారాజు పుణ్యమా అని ఇంట్లోకొచ్చాయి."

తాతయ్య తక్కువ తిన్నాడా? "నేనుండబట్టి రెండు బస్తాలైనా దక్కాయి" అన్నాడు. ఆ 'బట్టి' మా మాస్టారి 'పట్టి'యే. వ్యాకరణం ఆయన పక్షాన నిలబడింది గానీ ఫలితం లేకపోయింది.

ఇప్పటి వాళ్లకి 'కారణంగా' అనే మాట దొరికింది. 'సాంకేతిక లోపం కారణంగా సేవలకు అంతరాయం' అని బోర్డు పెడితే చొక్కా పట్టుకోడానికి ఒక్క మనిషీ దొరకడు. మామ్మ మాటకి ఎవరో ఒకరు దొరికి తీరాలి. సాధారణంగా తాతయ్యే దొరికేవాడు.

మొన్న మా అబ్బాయి తెలుగు పరీక్షలో 'పుణ్యమా అని' ఇచ్చి సొంతవాక్యం రాయమన్నారట. వాడు రాసింది: 'మా నాన్న పుణ్యమా అని నేను ఇలా ఉన్నాను.' రెండుకి రెండు మార్కులూ వేశారు. దణ్ణమో దెప్పో అడిగితే వాడు నవ్వి ఊరుకున్నాడు. రాసేటప్పుడు నేను వాడి ఎదురుగా లేను. అదొక్కటే ధైర్యం.