రాసేది ఒక్కసారే, మిగతాదంతా విడివిడిగా

“ఒక్కసారి రాయండి, ఎక్కడైనా నడుస్తుంది” అని 1995లో సన్ మైక్రోసిస్టమ్స్ వారు జావాను ఊరేగించినప్పుడు జనం నమ్మారు. నమ్మక ఏం చేస్తారు, అప్పటికింకా ఎవరికీ దెబ్బ తగల్లేదు. కొన్నాళ్ళకే ప్రోగ్రామర్లు ఆ నినాదం తోక కత్తిరించి “ఒక్కసారి రాయండి, ప్రతిచోటా డీబగ్ చేయండి” అని పాడుకున్నారు. ముప్పై ఏళ్ళు గడిచినా నినాదానికి ముసలితనం రాలేదు. ఇవాళ ఏ కంపెనీ కొటేషన్ తిరగేసినా మొదటి పేజీలోనే “సింగిల్ కోడ్‌బేస్” అని లావు అక్షరాల్లో ఉంటుంది. కింద ఆకుపచ్చ మరబొమ్మ, కొరికిన యాపిల్, కిటికీ, పెంగ్విన్ ఒకే వరసలో నిలబడి ఫొటో దిగుతుంటాయి. ఖర్చు సగం అని రాసి ఉంటుంది. దేంట్లో సగమో రాసి ఉండదు.

ఈ నినాదం వంశవృక్షం చూడముచ్చటగా ఉంటుంది. వెబ్ పేజీకి యాప్ చొక్కా తొడిగితే చాలన్న ఫోన్‌గ్యాప్ 2011లో అడోబీ ఇంటికి దత్తు వెళ్ళి, 2020లో కన్నుమూసింది. జామరిన్‌ను 2016లో మైక్రోసాఫ్ట్ కొనుక్కుంది. 2024 మే నెలలో దానికి నీళ్ళొదిలి, వారసుడు మావీని చూపించి ఇక ఇటు రండి అంది. ఫేస్‌బుక్ కథ మరీ రంజు. హెచ్‌టీఎంఎల్5ను అతిగా నమ్ముకోవడం తాము చేసిన పెద్ద తప్పని 2012లో జుకర్‌బర్గ్ నలుగురిలో ఒప్పుకున్నాడు. మూడేళ్ళు తిరక్కుండానే అదే ఇంటి నుంచి రియాక్ట్ నేటివ్ బయల్దేరింది. పాపం, వాళ్ళు దెబ్బతిన్నవాళ్ళు గనక నినాదాన్ని కాస్త దించారు: ఒక్కసారి నేర్చుకోండి, ఎక్కడైనా రాయండి అన్నారంతే. నిజాయితీగల మాట. అమ్మేవాళ్ళకు నిజాయితీ గిట్టుబాటు కాదు కాబట్టి పాత నినాదాన్నే మళ్ళీ తగిలించారు. రియాక్ట్ నేటివ్‌ను ఆర్భాటంగా ఇంట్లోకి తెచ్చుకున్న ఎయిర్‌బీఎన్‌బీ 2018లో సాగనంపింది. రెండు విద్యలు ఒకటవుతాయనుకుంటే, ఐఫోన్ విద్య, ఆండ్రాయిడ్ విద్య, రెంటికీ వంతెన కట్టే విద్య అని మూడయ్యాయి.

రాయడం వరకు వీళ్ళ మాట అబద్ధం కాదు, ఒప్పుకుందాం. ఇదే వంశానికి చెందిన ఫ్లట్టర్ పట్టుకున్న ఇద్దరు కుర్రాళ్ళు ఇవాళ చేసే పనికి ఒకప్పుడు రెండు జట్లు కావాలి. కానీ ఇల్లలకగానే పండగ కాదు. రాసింది జనం చేతికి అందాలి.

ఐఫోన్‌కు బిల్డ్ తీయాలంటే ఎక్స్‌కోడ్ కావాలి, ఎక్స్‌కోడ్‌కు మ్యాక్ కావాలి. సొంతది లేకపోతే అద్దెకైనా తేవాలి. మీ కోడ్ ఎక్కడైనా నడవచ్చు గాక, ఎక్స్‌కోడ్ మాత్రం సొంతింటి గడప దాటదు. యాపిల్‌కు ఏటా 99 డాలర్లు, గూగుల్‌కు ఒక్కసారి 25 డాలర్లు దక్షిణ. కొత్తగా వ్యక్తిగత ఖాతా తెరిచినవాడైతే ప్లే స్టోర్‌లో అడుగుపెట్టే ముందు 12 మంది టెస్టర్లను పోగేసి 14 రోజులు జారిపోకుండా కాపలా కాయాలి. బావమరిది, పక్కింటి ఇంటర్ కుర్రాడు, ఎప్పుడో పెళ్ళిలో కలిసిన దూరపు చుట్టం, అందరి జీమెయిళ్ళూ అక్కడే ఖర్చు. మ్యాక్ యాప్‌ను స్టోర్ బయట పంచుదామంటే యాపిల్ నోటరీ ముద్ర కావాలి. విండోస్‌కు సంతకం సర్టిఫికెట్ కొనాలి. అది లేకపోతే నీలం పెట్టె లేచి, ఎన్నేళ్ళ పాత కస్టమర్‌నైనా దొంగసరుకు కొంటున్నట్టు నిలదీస్తుంది. ఆ సర్టిఫికెట్ తాళం కూడా 2023 జూన్ నుంచి హార్డ్‌వేర్ భద్రతలోనే ఉండాలన్నారు. లైనక్స్‌లో ఎవరూ డబ్బడగరు. డెబ్, ఆర్‌పీఎమ్, ఫ్లాట్‌పాక్, స్నాప్, యాప్‌ఇమేజ్‌లలో ఏది కట్టినా మిగతా నాలుగింటి అభిమానులు అలుగుతారు, అంతే.

ఇంతా అయ్యాక ఏడాది తిరిగేసరికి టార్గెట్ లెవెల్ పెంచమని గూగుల్ నోటీసు. ఆండ్రాయిడ్ 15కు పెంచిన రోజున మీ టైటిల్ వెళ్ళి పైనున్న గడియారం కిందికి దూరుతుంది. “ఇది మా కోడ్ తప్పు కాదండీ, ప్లాట్‌ఫామ్ ఇష్యూ” అంటాడు, అమ్మిన రోజున ప్లాట్‌ఫామ్‌ల మధ్య తేడాయే లేదన్న పెద్దమనిషి.

డెస్క్‌టాప్ మీద ఇంకో వేడుక. 2013లో గిట్‌హబ్ తన ఎడిటర్ కోసం మొదలుపెట్టిన ఎలక్ట్రాన్‌లో కిటుకు ఒక్కటే: ప్రతి యాప్ తన వెంట ఒక పూర్తి క్రోమియం బ్రౌజర్‌ను మోసుకొస్తుంది. స్లాక్ తెరిస్తే ఒకటి, డిస్కార్డ్ తెరిస్తే ఇంకొకటి, వీఎస్ కోడ్‌కు మరొకటి. “హలో” అని ఒక ముక్క పంపడానికి ల్యాప్‌టాప్ ఫ్యాన్ గుయ్యిమని లేస్తుంది. మిగిలిన ఖర్చు కంపెనీది, కరిగిన ర్యామ్ కొన్నవాడిది. అత్త సొమ్ము అల్లుడు దానం చేయడమంటే ఇదే. మైక్రోసాఫ్ట్ వారికే టీమ్స్ బరువు భరించరానిదై 2023లో ఎలక్ట్రాన్ నుంచి దించుకున్నారు.

ఇక తెలుగు సంగతి. 2018 ఫిబ్రవరిలో “జ్ఞా” లాంటి ఒక్క అక్షరం, మధ్యలో కంటికి కనిపించని కోడ్ ఒకటి చేరి, మెసేజ్‌లో వస్తే చాలు యాప్ కుప్పకూలేది. ఐఫోన్, ఐప్యాడ్, మ్యాక్, చేతి గడియారం, ఏదీ తప్పించుకోలేదు. ఏ మార్పూ చేర్పూ లేకుండా అన్ని పరికరాల మీదా ఒకేలా నడిచిన సరుకు నాకు తెలిసి ఆ బగ్ ఒక్కటే. సొంత చిప్, సొంత ఓఎస్, సొంత ఫాంట్లు ఉన్న యాపిల్ గతే అదైతే, అందరి ఓఎస్‌ల మీదా తామే అక్షరాలు గీస్తామనేవాళ్ళ సంగతి చెప్పాలా? గేమ్‌లు ఒకసారి కట్టి ఎక్కడైనా దించుకోవచ్చనే యూనిటీలో, టెక్స్ట్ మెష్ ప్రో అనే భాగానికి ఏళ్ళ తరబడి వత్తులు పెట్టడం రాలేదు. “క్షమించండి” అని రాయబోతే క పొల్లు ఒక పక్క, ష ఒక పక్క విడాకులు తీసుకుని నిలబడేవి.

ఇలాంటిది చూపించి అడిగితే, “తెలుగు ఎడ్జ్ కేస్ అండీ” అంటాడు మన పెద్దమనిషి. ఎనిమిది కోట్ల మందికి పైగా మాట్లాడే భాష ఆయనకు అంచున వేలాడుతూ కనిపిస్తుంది. సరే, సరిచేయడానికి ఎంతవుతుందో కనుక్కోండి. ఆండ్రాయిడ్‌కు ఇంత, ఐఫోన్‌కు ఇంత, విండోస్‌కు ఇంత అని విడివిడిగా లెక్క చెబుతాడు.