అడుగుకో పస్తు

అమరావతిలో పొట్టి శ్రీరాములు గారి విగ్రహం ఎత్తు 58 అడుగులట. 58 ఎందుకంటే, ఆయన 58 రోజులు అన్నం మానేశారు గనక. పేపర్లో మీరూ చూసే ఉంటారు. చూసి, కాఫీ తాగేసి, సినిమా పేజీకి వెళ్లిపోయి ఉంటారు. నాకు మాత్రం ఆ కాఫీ గొంతు దిగలేదు. ఎవరైనా లెక్క చెబితే దాన్ని సరిచూసేదాకా నిద్ర పట్టని జబ్బు నాది. కాగితం, పెన్సిలు తీసుకుని కూర్చున్నాను. మద్రాసులో బులుసు సాంబమూర్తి గారి ఇంట్లో, ఆంధ్ర రాష్ట్రం కోసం ఆయన దీక్ష మొదలైంది 1952 అక్టోబరు 19న. అక్టోబరులో 13 రోజులు. నవంబరు మొత్తం 30. ప్రాణం పోయింది డిసెంబరు 15 రాత్రి, కాబట్టి అక్కడ 15. కూడితే 58. అంగుళం తేడా లేదు. సర్కారు వారి అంచనాల్లో పైసాకి పైసా సరిపోయిన లెక్క బహుశా ఇదొక్కటే.

తప్పయి ఉంటే నవ్వుకుని ఊరుకునేవాణ్ణి. సరిపోవడమే నా ప్రాణం మీదికి తెచ్చింది. పస్తుకి అడుగు చొప్పున ధర కట్టారన్నమాట!

విగ్రహాలకు ఇలాంటి కొలబద్దలు కొత్తేం కాదనుకోండి. గుజరాత్‌లో సర్దార్ పటేల్ విగ్రహం 182 మీటర్లు. అక్కడి శాసనసభలో సీట్లు 182. అంటే ఎమ్మెల్యేకో మీటరు. విజయవాడ స్వరాజ్ మైదానంలో అంబేడ్కర్ 125 అడుగులు, 125వ జయంతికి గుర్తుగా. కింద పీఠం ఇంకో 81. ఎమ్మెల్యే లెక్క పట్టుకుంటే మా శ్రీకాకుళం జిల్లాకి ఎనిమిది మీటర్లే వస్తాయి. ఉద్దానం కొబ్బరిచెట్టు పక్కన నిలబెడితే మా మహానుభావుడు మొక్కలా కనిపిస్తాడు. పస్తుల లెక్కకి దిగామా, ఇక మాకు ఎదురులేదు. ఆ సరుకు మా దగ్గర తరతరాల నిల్వ.

అంచేత అరసవల్లి మిల్లు జంక్షన్ దగ్గర ఓ టీ బడ్డీలో మేం ముగ్గురం కమిటీ అయిపోయాం. నేను, రిటైరైన ఓ తెలుగు మాస్టారు, జిరాక్సు షాపు కుర్రాడు. స్థలం పార్కు అని మొదటి టీ చల్లారేలోగా తేలిపోయింది. రోడ్ల మీద విగ్రహాలకు అనుమతి ఇవ్వొద్దని సుప్రీంకోర్టు 2013లోనే చెప్పింది కాబట్టి మహానుభావులంతా ఇక పార్కుల్లోనే తలదాచుకోవాలి. శాంతినగర్ కాలనీ పార్కులో ఇప్పటికే గాంధీ మందిరం ఉంది, స్వాతంత్ర్య సమరయోధుల విగ్రహాలున్నాయి. పొద్దున్నే నడకకొచ్చేవాళ్లు దండం పెట్టి ఇంకో రౌండు కొడతారు. ఊళ్లో మరో పార్కులో మరో మూల దొరక్కపోదు. పిల్లల ఉయ్యాల పీకేస్తే సరి.

“విగ్రహం ఎవరిదండీ?” అన్నాడు కుర్రాడు.

“ముందు ఎత్తు తేలనియ్యవోయ్. మనిషిని తరవాత చూసుకుందాం” అన్నారు మాస్టారు. ఈ రంగంలో ఆయనకున్న అవగాహన అప్పుడే అర్థమైంది నాకు.

రూపాయల చందా మొదటి రోజే చతికిలబడింది. మా వీధిలో రసీదు పుస్తకం కనిపిస్తే చాలు, తలుపులు వాటంతటవే మూసుకుంటాయి. వినాయకుడికిచ్చి, అమ్మవారి సంబరానికిచ్చి జనం అలిసిపోయి ఉన్నారు. అప్పుడు మాస్టారికి వెలిగింది. విగ్రహాన్ని కొలిచేది పస్తులతోనే అయినప్పుడు మధ్యలో ఈ రూపాయి దళారీ ఎందుకు? పస్తులే చందాగా వసూలు చేద్దాం.

మన భాష కూడా ఈ పథకానికి ముందే ఆమోదం తెలిపింది చూడండి. కొలతకీ అడుగే, నడకకీ అడుగే. చెయ్యి చాచమనడానికీ అడుగు అనే అంటాం. గంజి అయిపోయాక కుండలో కనిపించేదీ అడుగే. ఒక్క మాటలో ఇంత పొదుపు చేసిన జాతికి విగ్రహాల ఖర్చు ఓ లెక్కా?

చందాల చరిత్రలో మాకో పెద్దమనిషి ఆదర్శం. 1885లో న్యూయార్కులో స్వేచ్ఛా విగ్రహానికి పీఠం కట్టడానికి డబ్బు చాలక పని ఆగిపోతే, పులిట్జర్ తన పేపర్లో చందాకి పిలిచాడు. ఎంత తక్కువిచ్చినా పేరు అచ్చేస్తానన్నాడు. లక్షా ఇరవై వేల మందికి పైగా ఇచ్చారు. ఎక్కువ మంది ఇచ్చింది డాలరు లోపే. అయినా మొత్తం లక్ష డాలర్లు దాటింది. మన దగ్గర శిలాఫలకం మీద దాత పేరు విగ్రహం ముక్కు కన్నా పెద్దదిగా ఉంటుంది. అది వేరే సంగతి. మేం పులిట్జర్ పద్ధతే అనుకున్నాం. రసీదు మీద ధరల పట్టీ కూడా కొట్టించాం. రోజంతా పస్తు – ఒక అడుగు. ఒక పూట – ఆరంగుళాలు. పిల్లలకి పెట్టి తల్లి మానేసిన పూటకి తొమ్మిదంగుళాలు ఇద్దామన్నారు మాస్టారు. కుర్రాడు ససేమిరా అన్నాడు. ఆ పద్దు తెరిస్తే రసీదు పుస్తకాలు కొట్టించలేక తన షాపు మూతపడుతుందన్నాడు.

తీసుకోకూడని పస్తుల జాబితా కూడా పెట్టుకోవాల్సి వచ్చింది. ఏకాదశి చెల్లదు, ద్వాదశి పొద్దున్న వడ్డీతో సహా తినేస్తారు. మా ఊరి ఆదివారం ఒంటిపూటలు కూడా చెల్లవు, అవి ఆదిత్యుడి ఖాతాలో ముందే జమయ్యాయి. పదహారు గంటలు నోరు కట్టేసుకుని, మిగతా ఎనిమిదింటిలో బాదంపప్పు నమిలే పార్కు నడక బ్యాచి ఎంతో ఉత్సాహంగా వచ్చింది. “మీది ఆకలి కాదండి, అజీర్తి” అని మాస్టారు పంపేశారు. ఇక నాయకుల దీక్షలు. పదింటికి టెంటు, పదకొండింటికి దండలు, పన్నెండింటికి కెమెరాలు, అయిదింటికి నిమ్మరసం. చిల్లర కింద తీసుకుందామన్నాడు కుర్రాడు. గంటల్లో లెక్కిస్తే ఒక్కో దీక్షా నాలుగంగుళాలు కూడా తేలలేదు. అందులో నిమ్మరసం గ్లాసు ఎత్తే ముప్పాతిక.

అసలు చిక్కు పాత పద్దుల దగ్గర వచ్చింది. ఇదే ఆంధ్ర రాష్ట్రం కోసం 1951లో స్వామి సీతారాం 35 రోజులు నిరాహారంగా ఉన్నారు. రేటు ప్రకారం 35 అడుగులు. కాని వినోబా భావే చెప్పారని ఆయన దీక్ష విరమించి, బతికి లేచారు. ఎంత పని చేశారు! బతికినవాడికి ఎవరు కడతారండీ అడుగులు? లాహోరు జైల్లో జతీన్ దాస్ 63 రోజులు. ప్రాణం ఇచ్చారు కాబట్టి రసీదు చెల్లుతుంది, మన రాష్ట్రం కాదు కాబట్టి బదిలీ సర్టిఫికెట్ కావాలి. మణిపూర్‌లో ఇరోం షర్మిల 2000 నవంబరు నుంచి 2016 ఆగస్టు దాకా ముక్కులో గొట్టంతోనే బతికింది. వేసుకోండి లెక్క: 5,700 పైచిలుకు అడుగులు. మన పొరుగున మహేంద్రగిరి నాలుగు వేల తొమ్మిది వందల అడుగులు. షర్మిల విగ్రహం పెడితే మహేంద్రగిరి ఆమె భుజం దగ్గర ఆగిపోతుంది. భోగాపురం వైపు వచ్చే విమానాలకు ఇబ్బందని ఎయిర్‌పోర్టుల వాళ్లు నోటీసిస్తారు. ఇంతకీ ఆ అమ్మాయి దీక్ష మాని ఎన్నికల్లో నిలబడితే పడిన ఓట్లు 90. అడుగుకో ఓటు పడినా పరువు దక్కేది.

అంచనాలు ఇలా పెరుగుతుంటే నేను భయపడ్డాను. మాస్టారు భయపడలేదు. “మన దేశంలో మొట్టమొదటి స్మారక చందా ఎవరు వసూలు చేశారో తెలుసా? వామనుడు. అడిగింది మూడడుగులు. చేతిలో నీళ్లు పడ్డాక అంచనా సవరించాడు. ఒక అడుగు భూమి, ఒక అడుగు ఆకాశం. మూడోది దాత నెత్తిన. అప్పట్నుంచీ కాంట్రాక్టర్లంతా ఆ పద్ధతే” అన్నారు.

సరే, వసూలుకి బయల్దేరాం. ఆదివారం, గుడి వీధి. మా అరసవల్లి స్వామి చిత్రమైన స్వామి. ఏడాదికి రెండు సార్లు, మార్చిలోనూ అక్టోబరులోనూ, సూర్యుడే లోపలిదాకా వచ్చి ఆయన పాదాలు తాకి వెళతాడు. మూలవిరాట్టు ఎత్తు మాత్రం అయిదడుగులు. ఏడో శతాబ్దంలో కట్టించిన కళింగ రాజుకి రోజుకో అడుగు సూత్రం తెలియదు పాపం.

గుడి వీధిలో పూలమ్మే మామ్మ మా పుస్తకం చూసి, “ఏటి బాబూ, గుడి సందానా?” అంది. కాదు మామ్మా, పస్తుల చందా అని చెప్పాం. ఎన్ని పూటలు తినకుండా ఉన్నావో చెబితే రాసుకుంటాం, డబ్బక్కర్లేదన్నాం. మామ్మ దండ కట్టడం ఆపి మా ముగ్గురినీ మార్చి మార్చి చూసింది.

“ఎన్నని సెప్పమంటావు? మా మావ పనికని కలకత్తా ఎలిపోనప్పుడు లెక్కెట్టాలా? తిత్లీ తుపాను గాలికి తోటలు పడిపోనప్పుడు మా సెల్లి ఊర్నోళ్లందరివీ రాత్తారా? తిన్న పూటలైతే గుర్తున్నాయి బాబూ. అయి రాసుకో, తొందరగా అయిపోద్ది.”

కుర్రాడి పెన్ను అక్కడే ఆగిపోయింది.

నాకు సోంపేట గుర్తొచ్చింది. బీల చిత్తడి నేలల్లో థర్మల్ ప్లాంటు వద్దని ఆ చుట్టుపక్కల రైతులు, జాలర్లు టెంటు వేసుకుని రిలే దీక్షలకు కూర్చున్నారు. ఇవాళ కొందరు, రేపు కొందరు, అలా నెలల తరబడి. ఆ బీల నీళ్లే వాళ్ల వరి, వాళ్ల చేప, వాళ్ల పశువుల మేత. ఒక్క కుర్చీ కదల్లేదు. 2010 జూలై 14న పోలీసులు కదిలారు. కాల్పుల్లో మనుషులు చచ్చిపోయారు. ప్లాంటు పర్యావరణ అనుమతి రద్దయింది ఆ శవాలు పడ్డాకే. వాళ్ల పస్తులకి ఎన్నడుగులు రాయమంటారు? ఏ పార్కు మూల చూపిస్తారు? పసిపిల్లలకి అన్నం వండిపెట్టే అంగన్‌వాడీ ఆడవాళ్లు 2023 డిసెంబరులో సమ్మెకి దిగి 42 రోజులు వీధిలో కూర్చుంటే ఏం ఇచ్చారు? ఎస్మా ఇచ్చారు. అప్పుడో పార్టీ, ఇప్పుడో పార్టీ, కలెక్టరేటు ముందు టెంటు మాత్రం అదే. కారు అద్దం దించకుండా ఆ టెంటు దాటిపోయే వాళ్లే, అందులో ఎవరైనా పోతే టేపు పట్టుకుని కొలతకి వస్తారు.

నెల్లూరు వీధుల్లో హరిజనుల కోసం నినాదాలు అట్టమీద రాసుకుని, చెప్పుల్లేని కాళ్లతో ఎండలో తిరిగినప్పుడు శ్రీరాములుని పిచ్చివాడన్నారు. ఆ అడుగులు ఎవరూ లెక్కపెట్టలేదు. దీక్షలో కూర్చున్నాక మొదటి రోజు వినొచ్చు. పదో రోజు వినొచ్చు. నలభయ్యో రోజు, కడుపులో పేగు కాలి మాట బయటికి రాని రోజున కూడా వినొచ్చు. ఢిల్లీ వినలేదు, మద్రాసు వినలేదు. అన్నం మానడం ఆయన నిష్ఠ, ఒప్పుకుంటాను. 58 రోజులు మాననివ్వడం ఎవరి నిష్ఠ? మీరు సిమెంటు పోసి నిలబెట్టే ఆ 58 అడుగులూ ప్రభుత్వం చెవుడు పొడవు, నాయనలారా. దానికి లైట్లు పెట్టి, ఫౌంటెన్లు పెట్టి, మీరే కొబ్బరికాయ కొట్టుకుంటున్నారు. రెండో రోజు విని ఉంటే రెండడుగులతో పోయేది. ఆయన ఇంటికెళ్లి అన్నం తినేవాడు.

ఇదంతా నేను గట్టిగానే అన్నట్టున్నాను. గుడికొచ్చినవాళ్లు ఇద్దరు ముగ్గురు ఆగి చూశారు. మాస్టారు రసీదు పుస్తకం మడిచి సంచీలో పెట్టేశారు. మామ్మ మాత్రం మళ్లీ దండలో పడింది. కాసేపాగి, తలెత్తకుండానే అడిగింది.

“ఆ బాబు ఎన్నాళ్లు తిన్లేదన్నావు?”

“యాభై ఎనిమిది రోజులు మామ్మా.”

“మరి ఆళ్లు ఇన్నదెప్పుడు?”

“ఆయన పోయిన నాలుగో రోజు. డిసెంబరు 19న రాష్ట్రం ఇస్తామని నెహ్రూ గారు చెప్పారు.”

మామ్మ వేళ్లు దారం మీద ఆగాయి. ఏదో కూడుకుంది. ముడి వేసి, దారం పంటితో కొరికింది.

“అయితే అరవై రెండు గదా బాబూ. నాలుగడుగులు తక్కువ కట్టేత్తన్నారు.”