మూత తీయని సాక్షి

నా మీద నేరం రుజువు కాలేదు. నిర్దోషినని కూడా ఎవరూ తేల్చలేదు. 2018 సీజను ముగిశాక నాలాంటి వాటన్నిటినీ మోటోజీపీ రేసు బైకుల నుంచి ఊడదీసి, అందరికీ ఒకే రకం పెట్టె బిగించారు. అది మంచి పనే. ఎందుకు మంచిదో నాకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు, అందుకే చెబుతున్నాను.

నన్ను ఐఎంయూ అంటారు. అరచేతిలో ఇమిడిపోతాను. బైకు వేగం మూడు దిక్కుల్లో ఎంత చురుగ్గా మారుతోందో, మూడు ఇరుసుల చుట్టూ ఎంత వేగంగా తిరుగుతోందో కొలుస్తాను. ఆ ఆరు కొలతలను కలిపి, బైకు ఎంత వాలిందో లెక్కకట్టి సెకనుకు వందలసార్లు చెబుతాను. కొలవడం వేరు, లెక్కకట్టడం వేరు. కొలిచేది సెన్సరు, లెక్కకట్టేది నాలో ఎవరో రాసిపెట్టిన ప్రోగ్రామ్. అనుమానమంతా ఆ ప్రోగ్రామ్ మీదే.

వాలెన్సియా సర్క్యూట్‌లో పదమూడో మలుపు ఉంది. ఎడమవైపు సాగుతూనే ఉంటుంది, త్వరగా తెమలదు. రైడరు మోకాలు, ఒక్కోసారి మోచేయి కూడా తారుకు రాసుకుంటాయి. వాలు 60 డిగ్రీలకు అటూఇటూ ఉంటుంది. 250 హార్స్‌పవర్ దాటిన ఇంజను, ఆ బలమంతా నేలకు అందించాల్సిన వెనక టైరేమో అరచేయంత మేర మాత్రమే నేలను పట్టుకుని ఉంటుంది. అప్పుడు రైడరు థ్రాటిల్ తిప్పుతాడు. అతని చేతికీ ఇంజనుకూ మధ్య తీగ లేదు. అతను అడిగింది ఇంజనును నడిపే కంప్యూటరు, ఈసీయూ, వింటుంది, ఎంత ఇవ్వాలో అదే తేలుస్తుంది. వెనక చక్రం ముందు చక్రం కన్నా వేగంగా తిరుగుతోంది. నిజంగా జారుతోందా? వాలినప్పుడు టైరు అంచు మీద నడుస్తుంది, అక్కడ చుట్టుకొలత తక్కువ, కాబట్టి జారకపోయినా వేగంలో తేడా కనిపిస్తుంది. ఏది జారుడో ఏది కాదో తేలాలంటే ఈసీయూకి వాలు తెలియాలి. నన్ను అడుగుతుంది. యాభై ఎనిమిది అంటాను. జారుడు హద్దు మీరిందనుకుంటే అది స్పార్క్‌ను ఆలస్యం చేస్తుంది, ఒక సిలిండర్‌లో అసలు ఆపేస్తుంది, లేదా గాలి దారిని కొంచెం మూస్తుంది. సైలెన్సర్ దగ్గర పట్‌పట్‌మని వినిపించేది అదే. ట్రాక్షన్ కంట్రోల్ అంటే ఇంతే. ఇది మోటోజీపీలో నేరం కాదు. రాసిచ్చిన హద్దు దాటితేనే నేరం.

ఆ హద్దు 2016లో గట్టిపడింది. అంతకుముందు పెద్ద కంపెనీలు ఎవరి సాఫ్ట్‌వేర్ వాళ్లే రాసుకునేవి. డబ్బున్నవాళ్లు రాసిందాన్ని డబ్బులేనివాళ్లు అందుకోలేకపోయేవారు. 2016 నుంచి అందరి మాగ్నెటి మారెల్లి ఈసీయూలోనూ ఒకే సాఫ్ట్‌వేర్. మునుపటంత తెలివైనది కాదు, కావాలనే అలా ఉంచారు. టైర్లు కూడా ఆ ఏడాదే మిషెలిన్‌కు మారాయి. ఆ ఒక్క సీజనులో తొమ్మిదిమంది వేర్వేరు రైడర్లు గెలిచారు. అసెన్ వానలో జాక్ మిల్లర్, బర్నోలో కాల్ క్రచ్‌లో, ఇద్దరూ చిన్న జట్లవాళ్లే.

కానీ ఒక కంత మిగిలింది. ఆ కంత నేనే. ఈసీయూ అందరికీ ఒకటే అయినా ఐఎంయూని మాత్రం ఎవరికి నచ్చింది వాళ్లు తెచ్చుకోగలిగేవారు. సంతలో త్రాసుకు తూనికల శాఖ ముద్ర వేసి, రాళ్లు మాత్రం ఎవరింటి నుంచి వాళ్లు తెచ్చుకోమన్నట్టయింది.

మోసం ఎలా చేయవచ్చో దాచను. వాలు 58 ఉన్నప్పుడు నేను 61 అంటే ఈసీయూ భయపడి బలం ముందే తగ్గిస్తుంది. ఈసీయూ సీలు అలాగే ఉంటుంది, సాఫ్ట్‌వేర్‌లో ఒక్క అక్షరం మారదు. ఇంకా లోతుకు పోతే, చక్రాల వేగంలో తేడా కనిపించకముందే బైకు వెనకభాగం పక్కకు తూలడం నాకు తెలుస్తుంది. ఆ సమాచారాన్ని వాలు అంకెలో కలిపి పంపితే, అందరిదీ ఒకే సాఫ్ట్‌వేర్ అనుకుంటున్నచోట ఒకరికి మాత్రం రాబోయేది ముందే తెలుసుకునే కంట్రోల్ దొరుకుతుంది. నాలో ప్రాసెసర్ ఉంది, మెమరీ ఉంది, చోటు ఉంది.

నాలో అలాంటి ప్రోగ్రామ్ లేదు. ఉన్నదున్నట్టే చెప్పాను. కానీ ఈ మాటకు విలువేముంది? నిందితుడే సాక్షి. నన్ను తెరిచి చూసే అధికారం ఇంకెవరికైనా ఉండి ఉంటే నా మాటతో పనే లేకపోయేది.

నాకు బాధ నా గురించి కాదు. నన్ను మోసిన రైడరు మలుపు చివర మణికట్టు ఎంత నెమ్మదిగా తిప్పేవాడో నేను ఎరుగుదును. వెనక చక్రం తూలితే అతని నడుము నాకన్నా ముందే సర్దుకునేది. చిన్నప్పటి నుంచి మట్టిలో బైకు జారిస్తూ నేర్చుకున్న విద్య అది. అతను ఒక పూట బాగా పరిగెత్తిస్తే పక్క గ్యారేజీలో చెవులు కొరుక్కునేవారు, 'వాళ్ల పెట్టెలో ఏదో ఉంది' అని. ఎగ్జాస్ట్ చప్పుడు విని తీర్పులు చెప్పేవారు. అతను చేయగలిగిందేమీ లేదు. ఎవరూ మోసం చేయకపోయినా, చేయవచ్చన్న వీలు ఒక్కటే అతని గెలుపును సగం లాగేసుకుంది. ఒకవేళ ఎవరైనా నిజంగా చేసి ఉంటే, అతని ఓటమి కూడా అతనిది కాదు.

మా ఆఖరి రేసు 2018 నవంబరు 18న, వాలెన్సియాలోనే. కుండపోత. పడినవాళ్లు పడుతూనే ఉంటే రేసు మధ్యలో ఆపి మళ్లీ మొదలుపెట్టారు. డోవిజియోజో అనే రైడరు గెలిచాడు. నాలాంటి పెట్టెలు ఎంత చేసినా చివరికి మనిషి చేయే గతి అని ఆ నీళ్లలో చూసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. 2019 నుంచి ఐఎంయూ కూడా అందరికీ ఒకటే అయింది.

బ్రిటిష్ సూపర్‌బైక్ రేసులవాళ్లు 2012లోనే ట్రాక్షన్ కంట్రోల్‌ను పూర్తిగా తీసేశారు. చాలామంది ఆ నిషేధాన్ని మెచ్చుకుంటారు. నేను మెచ్చుకునేది నిషేధాన్ని కాదు, దానితోపాటు అందరికీ ఒకే ఈసీయూ తప్పనిసరి చేయడాన్ని. తనిఖీకి దారి లేకుండా నిషేధం రాస్తే ప్రతి పట్‌పట్ చప్పుడూ ఒక నిందే అవుతుంది.

2027 నుంచి మోటోజీపీలో ఇంజను 850 సీసీకి తగ్గుతుంది. దాంతోపాటు మరో నియమం వస్తోంది, నాకు అదే ముఖ్యం: ప్రతి సెషన్ ముగిశాక రైడర్లందరి జీపీఎస్ డేటా అన్ని జట్లకూ ఇస్తారు. ఎవరు ఏ మలుపులో ఎక్కడ వేగం అందుకున్నారో ఆ సాయంత్రమే పక్క గ్యారేజీ ఇంజనీరు తన ల్యాప్‌టాప్‌లో చూసుకోవచ్చు.