సోమవారపు డల్లాసు టికెట్టు – టీకా తాత్పర్యసహితము

అవతారిక: అల్లుడు పంపిన టికెట్టును ఫోనులో పైకీ కిందికీ జరిపి జరిపి మా ఆవిడ, "ఏమండీ, ఇది నాకు కొరుకుడు పడటంలేదు, కాస్త విప్పి చెప్పండి" అనెను. ముప్పదియేండ్లు బడిపిల్లలకు పద్యములు విప్పినవాడను గనుక పూనుకొంటిని.

మూలము: హైదరాబాదు–డల్లాస్, 14,400 కి.మీ., ఒక స్టాపు. బయలుదేరుట సోమవారం తెల్లవారుజామున 4.15. చేరుట సోమవారం సాయంత్రం 4.00. ప్రయాణ సమయం 22 గం. 15 ని.

టీక: హైదరాబాదు = శంషాబాదు. ఇది లక్ష్యార్థము. మియాపూరు నుండి అచ్చటికి పట్టు కాలమును మూలకర్త ఉపేక్షించెను. డల్లాస్ = డల్లాస్, ఫోర్ట్ వర్త్ నగరముల నడుమనున్న విమానాశ్రయము. ద్వంద్వసమాసమే గాని వాడుకలో ఉత్తరపదము లోపించినది.

14,400 కి.మీ. = భూగోళముపై ఈ రెంటి నడుమ మిక్కిలి దగ్గరి దారి. ఏ దిక్కునకు? పడమటికని పూర్వపక్షము. కాదు, ఉత్తరమునకని సిద్ధాంతము. హైదరాబాదు తూర్పు రేఖాంశము 78, డల్లాస్ పశ్చిమ రేఖాంశము 97. రెండును కలిసి 175. ఇంకొక ఐదు డిగ్రీలైనచో సగము చుట్టు పూర్తియగును. నమ్మకము చాలక మనుమరాలి గ్లోబుపై కుట్టుదారము బిగలాగి చూచితిని. దారము సైబీరియా మీదుగా ఎగబ్రాకి, ధ్రువమున ఇరుసుకు బిగించిన మరమేకును ఇంచుమించు ఒరసికొని, కెనడా మీదుగా దిగెను. ధ్రువమునకు సుమారు 500 కి.మీ. దాపున పోవు దారి యిది. మా టికెట్టు విమానము ఈ దారిని పోదు.

ఒక స్టాపు = దుబాయి మజిలీ. అచ్చటికి సుమారు 2,550, అచ్చటినుండి 12,900. వేయి కిలోమీటర్లకు పైగా చుట్టు. కాశీమజిలీ కథలలో మణిసిద్ధుడు మజిలీ మజిలీకి గోపనికి కథ చెప్పెను. ఇచట రెండు గంటలు గేటు వెదకికొనుటకే సరి.

22 గం. 15 ని. = గడియారమును నమ్మినచో 11 గం. 45 ని. మాత్రమే తేలును. వేసవిలో డల్లాస్ మనకంటె పదిన్నర గంటలు వెనుక, అది కలుపుకొనవలెను.

విశేషము: కాబట్టి ప్రయాణికులకు ఆ సోమవారము ముప్పదినాలుగున్నర గంటలు. పంచాంగకర్తలకు తిథివృద్ధి తెలియును గాని వారవృద్ధి తెలియదు. తిరిగివచ్చునపుడు అప్పు తీరును: సోమవారము ఎక్కినవారు బుధవారము దిగుదురు.

తాత్పర్యము: చీకటితో ఎక్కి, కాళ్లు చాపకుండ ఒక పగలంతయు కూర్చుండి, పొద్దుండగనే దిగవలెనని భావము.

ఇంతవరకు విని మా ఆవిడ, "మరి నా సోమవారం ఒంటిపొద్దు?" అనెను. ఆమె చుక్క పొడిచిన పిమ్మటగాని అన్నము ముట్టదు. విమానము సూర్యుని వెంటబడి పోవును; దారిలో పొద్దు గ్రుంకదు. డల్లాసులో నడివేసవి అస్తమయము రాత్రి ఎనిమిదిన్నర దాటిన పిమ్మట. లెక్కింపగా, శంషాబాదున ఎక్కినది మొదలు ఇరువదేడు గంటలు.

"బుధవారానికి మార్పించమని అల్లుడుగారికి ఫోన్ చెయ్యండి" అనెను. "మంగళవారం ఎటూ గడప దాటం."