మార్చి మూడో గడి: టీకా తాత్పర్య సహితము

మూలం

మార్చి మూడు వచ్చె మహనీయు జన్మంబు
వన్యమృగములకును వంతు నేడె
చెవుల దినము కూడ చేరెనీ గడిలోన
దీపములకు మించు తిథియు గలదె

అవతారిక

జంషెడ్‌పూర్‌లో, బిష్టుపూర్ నుంచి కదమా దాకా, తెలుగువారి వంటింటి గోడకు క్యాలెండరు ఉండి తీరుతుంది. ఒక్కో గడిలో తిథి, నక్షత్రం, వర్జ్యం, రాహుకాలం. మిగిలిన సందులో పెన్సిలుతో పాలవాడి లెక్క. ఇంత ఇరుకులోనూ మార్చి 3 గడిలో మూడు దినాలు వచ్చి కూర్చున్నాయి. ఇందరు ఎలా ఇమిడారని శిష్యుడు అడగ్గా కవి ఈ ఆటవెలది చెబుతున్నాడు.

ప్రతిపదార్థం

మార్చి మూడు = ఊరివారు తీన్ మార్చ్ అని పిలుచుకొనే తేదీ; వచ్చెన్ = వచ్చినది; మహనీయు = జంషెట్‌జీ టాటా యొక్క; జన్మంబు = పుట్టినరోజు (1839, నవసారి); వన్యమృగములకును = డాల్మా కొండల ఏనుగులు మొదలైన వాటికి సైతం; వంతు = పాలు; నేడె = ఈ రోజే; చెవుల దినము = ప్రపంచ శ్రవణ దినం; కూడ = అది చాలదన్నట్టు; ఈ గడిలోన = పైన చెప్పిన ఇరుకులో; చేరెన్ = దూరినది; దీపములకు = జూబిలీ పార్కు లైటింగుకు; మించు = పైచేయి అయిన; తిథియున్ = తిథి అనేది; కలదె = ఉన్నదా? (లేదని కాకువు.)

తాత్పర్యం

మూడు దినాలూ ఒక్కరోజే వచ్చినా, ఊరు బయల్దేరేది లైటింగు చూడ్డానికే.

విశేషాలు

మహనీయు జన్మంబు: ఆయన ఈ ఊరిని చూశారా అని శంక. చూడలేదు. 1904 మే 19న జర్మనీలోని బాద్ నౌహైమ్‌లో కన్నుమూశారు. ఆయన తలపెట్టిన ఉక్కు కంపెనీ ఏర్పడింది 1907లో. సువర్ణరేఖ, ఖర్కాయి నదులు కలిసేచోట, సాక్చీ అనే పల్లె దగ్గర కార్ఖానా లేచి, 1912 ఫిబ్రవరిలో తొలి ఉక్కు పోసింది. 1919లో వైస్రాయి చెమ్స్‌ఫర్డ్ ఆ చోటికి జంషెడ్‌పూర్ అని పేరు పెట్టాడు. కాళీమాటి స్టేషను టాటానగర్ అయింది. కవి 'ఆగమనంబు' అనకుండా 'జన్మంబు'తో సరిపెట్టుకోవడంలోని ఔచిత్యం ఇదే.

వన్యమృగములకును: అంతరించిపోతున్న జీవజాతుల వ్యాపారానికి కళ్లెం వేసే ఒప్పందంపై 1973 మార్చి 3న వాషింగ్టన్‌లో సంతకాలయ్యాయి. దాన్ని పురస్కరించుకొని 2013లో ఐక్యరాజ్యసమితి ఈ తేదీని మృగాలకు కేటాయించింది. డాల్మా ఏనుగులకు ఈ సంగతి తెలియదు. వరి పంట వేళకు బెంగాల్ వైపు నడుస్తాయి. వాటి క్యాలెండరు వేరు.

చెవుల దినము: ఈ తేదీయే ఎందుకు? 3, 3 అని రాసి చూడండి, రెండు చెవులు కనిపిస్తాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే కారణం అక్షరాలా ఇదే. పద్మబంధం, ఖడ్గబంధం ఉండగా కర్ణబంధం ఉండకూడదా? కాబట్టి ఇది చిత్రకవిత్వం.

దీపములకు: కంపెనీ స్వర్ణోత్సవ కానుకగా వెలసిన జూబిలీ పార్కును 1958 మార్చి 1న నెహ్రూ ప్రారంభించారు. మార్చి 3 రాత్రి అక్కడ చెట్టుచెట్టుకూ బల్బులే. పక్కనే జంతుప్రదర్శనశాల ఉంది గనుక వన్యమృగాలకు వంతు దక్కినట్టే.

పూర్వపక్షం

పుట్టినరోజుకూ ఏనుగుకూ చెవికీ పొంతనేమిటి? ఒక పద్యంలో మూడు విషయాలు చెబితే వాక్యభేద దోషం కాదా?

సిద్ధాంతం

కాదు. ఏకవాక్యత ఉంది. ఇనుపరాయీ బొగ్గూ వచ్చింది అడవి నేలలోంచి. కరిగించి, సాగదీస్తే పుట్టిన చప్పుడు పడింది కార్మికుడి చెవిలో. శబ్దం వల్ల వచ్చే వినికిడి లోపాన్ని 1948 నాటి కర్మాగారాల చట్టం మూడో షెడ్యూలులో, తప్పక తెలియజేయవలసిన వ్యాధుల జాబితాలో చేర్చారు. కారకాలు చూడండి: మహనీయుడు కర్త, ఉక్కు కర్మ, అడవి అపాదానం, చప్పుడు పుచ్చుకున్న చెవి సంప్రదానం. క్రియ ఒక్కటే అయినప్పుడు వాక్యమూ ఒక్కటే. గడి కట్టినవారికి ఈ ఊహ లేకపోవచ్చు. వ్యాఖ్యాత ఉన్నది అందుకే. మనవరాలు "తాతయ్యా, అటు చూడు!" అని రెండుసార్లు అరిచి, మూడోసారి చెయ్యి పట్టి తిప్పితే, రోలింగు మిల్లులో రిటైరైన ముసలాయన లైటింగు చూసి తలూపుతాడు. పద్యం మొత్తానికి ఉదాహరణ ఆయనే.

అలంకారం

దీపకం. గడపలో పెట్టిన దీపం ఇంట్లోకీ వీధిలోకీ వెలుగిచ్చినట్టు, ఒకే తేదీ మూడు దినాలకూ అన్వయిస్తుంది. కరెంటు బిల్లు మాత్రం ఒకరిదే.

పాఠాంతరం

కొన్ని ఇళ్ల ప్రతుల్లో గడి అడుగున 'పాలు రాలేదు' అని కనిపిస్తుంది. ప్రక్షిప్తమని పండితులు, అసలు మూలం అదేనని గృహిణులు.

ఉత్తరపద్య సంగతి

మార్చి 4 జాతీయ భద్రతా దినం. 1966లో అదే రోజున జాతీయ భద్రతా మండలి ఏర్పడింది. "స్వామీ, చెవులకు రక్షణ చెప్పే రోజు చెవుల దినానికి ముందుండాలి గదా?" అని శిష్యుడు. "నాయనా, సంతకాలూ సంస్థలూ పుట్టిన క్రమంలో గడులు నిండుతాయి. చెవిపోటు మూడున, దూది నాలుగున. కార్ఖానాకు వెళ్లేవాడు ఈ పద్యాన్ని కిందినుంచి పైకి చదువుకోవాలి" అని గురువు.